‘హెవీ ట్రాఫిక్’ ఒక పచ్చి అబద్ధం

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు కోచింగ్ సెంటర్ నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది. పైచదువులకు విదేశం వెళ్లే ప్రయత్నంలో ఉంది, అందుకు ఏదో ఇంగ్లిష్ పరీక్ష రాయాలట. బ్యాగు సోఫాలో పడేసి, క్లాసులో రాసిన వ్యాసం నా చేతిలో పెట్టింది. పేజీ మొత్తంలో ఒక్క మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది: ‘హ్యూజ్ ట్రాఫిక్’. పక్కన మార్జిన్‌లో సారు దిద్దుబాటు, ‘హెవీ’.

“హ్యూజ్ అంటే మాత్రం తప్పేంటి మావయ్యా? పెద్దది అనేగా?”

నాకు తెలిసింది చెప్పాను. మాటలకు కూడా ఈడూ జోడూ ఉంటాయి. చీకటికి ‘కటిక’ కుదిరింది, ఎండకు ‘మండు’ కుదిరింది, అబద్ధానికి ‘పచ్చి’ కుదిరింది. కటిక ఎండ, మండు చీకటి అని ఎవరన్నా అంటే నవ్వుతాం. ఎందుకు కుదరదంటే చెప్పలేం. ఇంగ్లిష్‌లోనూ అంతే. వానకీ ట్రాఫిక్‌కీ ‘హెవీ’, గాలికి ‘స్ట్రాంగ్’. ట్రాఫిక్ పలచబడితే ‘లైట్’ అవుతుందే తప్ప ‘స్మాల్’ అవదు. పైగా దానికి బహువచనం లేదు, ‘ట్రాఫిక్స్’ అని రాశావో ఇంకో సున్నా. ‘ఐ స్టక్ ఇన్ ట్రాఫిక్’ అని మనవాళ్లు రోజూ ఫోన్లో అనేదీ తప్పే, మధ్యలో ‘యామ్’ ఉండాలి. మీ సారు సరిగ్గానే దిద్దారు.

తలూపింది. మంచినీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టి అడిగింది.

“సరే. మరి ఇందాక మెహిదీపట్నం దాటాక మా బస్సు ముప్పావుగంట ఒక్క అడుగు కదల్లేదు. అది కూడా హెవీయేనా?”

ఇరవై ఆరేళ్లు పత్రికా డెస్కుల్లో ఇంగ్లిష్ వార్తల్ని తెలుగు చేస్తూ బతికినవాణ్ణి. ఆ పిల్ల ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ ఇరవై ఆరేళ్లూ నేను రాసింది ఒకటే: ‘భారీగా ట్రాఫిక్ జామ్’. వాన పడితే అదే. నిమజ్జనానికి అదే. మంత్రిగారి కాన్వాయ్ పోతే అదే. లారీ బోల్తా పడితే అదే. తపాలా ఆఫీసులో స్టాంపు గుద్దినట్టు గుద్దేసి, తర్వాతి వార్త చూసుకునేవాణ్ణి.

సారు, నేను, పోలీసు సందేశం రాసే ఆఫీసరు, ‘హెవీ ట్రాఫిక్ అండీ, పది నిమిషాల్లో అక్కడుంటా’ అని లుంగీలోంచి ప్యాంటులోకి మారుతూ ఫోన్లో చెప్పే పెద్దమనిషి, అందరం కలిసి ఈ మాటను తగలేశాం. వ్యాకరణం ఒప్పు, సంగతి తప్పు. ‘హ్యూజ్’ అని రాసిన పిల్ల మీద నాకు కోపం లేదు. ఒప్పు ఇంగ్లిష్‌లో తప్పు సంగతి చెప్పేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఆ వరసలో ముందు నిలబడాల్సింది నేనే.

మాది కృష్ణా డెల్టా. కాలవగట్టు మీద పెరిగినవాడికి ఈ తేడా ఒకరు చెప్పక్కర్లేదు. సార్వాకు నీళ్లు వదిలినప్పుడు కాలవ నిండుగా ఉరకలేస్తూ పారుతుంది. అది బరువైన ప్రవాహం. బోదెలన్నీ నిండి పొలాలు తడుస్తాయి. అదే కాలవకు ఖానా దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడిందనుకోండి, నీళ్లు గట్టు అంచుదాకా వచ్చి నిలబడిపోతాయి. గట్టు మీంచి చూసేవాడికి రెండూ నిండు కాలవలే. దిగువ రైతుకి మాత్రం మొదటిది పంట, రెండోది నెర్రెలిచ్చిన మడి. ఆ రైతు లస్కరు దగ్గరికి పోయి ‘నీళ్లు ఎక్కువయ్యాయి బాబూ’ అంటాడా? ‘ఖానా దగ్గర డెక్క పట్టేసింది, తీయించు’ అంటాడు. చదువుకోని రైతు పలికిన ఆ ఒక్క వాక్యంలో జబ్బూ ఉంది, చోటూ ఉంది, చేయాల్సిన పనీ ఉంది. మన ‘హెవీ’లో ఈ మూడిట్లో ఒక్కటీ లేదు.

రోడ్డు సంగతీ కాలవ లాంటిదేనని ఇంజనీర్లకు తొంభై ఏళ్లుగా తెలుసు. బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ అనే ఆయన అమెరికాలో, ఒహాయోలో, రోడ్డు పక్కన కెమెరా నిలబెట్టి, పోయే కార్లను వరసగా ఫొటోలు తీశాడు. ఎంత దగ్గరదగ్గరగా పోతున్నాయి, ఎంత వేగంగా పోతున్నాయి అని లెక్కగట్టి 1935లో ప్రచురించాడు. దాని సారం చాలా సింపుల్. రోడ్డు మీద బండ్లు పెరిగేకొద్దీ గంటకు దాటే బండ్ల సంఖ్య పెరుగుతుంది, కానీ ఓ హద్దు వరకే. ఆ హద్దు మించి బండ్లు దూర్చితే దాటేవి తగ్గడం మొదలవుతుంది. చిట్టచివర రోడ్డంతా బండ్లే, దాటేవి సున్నా. ఆ స్థితిలో రోడ్డు మీద ఎన్ని బండ్లు పేరుకున్నాయో ఆ లెక్కకే ఇంజనీర్లు జామ్ డెన్సిటీ అంటారు.

ఇప్పుడు ‘హెవీ ట్రాఫిక్ జామ్’ అనే మన ముద్దుబిడ్డను తీసుకోండి. లెక్క ప్రకారం హెవీ అంటే బండ్లు దండిగా దాటుతున్నాయి. జామ్ అంటే ఒక్కటీ దాటడం లేదు. రెండూ కలిపి కుట్టడమంటే ‘కుండపోత కరువు’ అన్నట్టే. ఇంగ్లిష్‌వాడు ట్రాఫిక్‌ను హెవీ అంటాడు, జామ్ అయితే బ్యాడ్ అంటాడు, అసలు కదలకపోతే స్టాండ్‌స్టిల్ అంటాడు. మనం అన్నిటినీ ఒకే గోనెసంచిలో కుక్కి పైన ‘భారీ’ అని చీటీ అతికించాం. భారీ వర్షం, భారీ బందోబస్తు, భారీ విరాళం, భారీ మెజారిటీ, భారీ ట్రాఫిక్. జడివాన, జోరువాన, కుండపోత, ముసురు, ఇన్నిటినీ మింగి కూర్చుంది ఈ భారీ. దానికి రోజూ మేత వేసిన పాపంలో నా వాటా నాకుంది.

ఇంజనీర్లయితే రోడ్డుకి బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డులా ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడులు పెట్టుకున్నారు. అమెరికా హైవే కెపాసిటీ మాన్యువల్‌లో 1965 నుంచే ఉందిది. ఎఫ్ అంటే చేతులెత్తేసిన రోడ్డు. మన దేశంలోనూ కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ, మన రోడ్ల తీరే వేరు కాబట్టి, మనకంటూ ఇండో హెచ్‌సీఎం 2017 అనే మాన్యువల్ తయారు చేసింది. ఆఖరికి చేతిలో ఫోన్ కూడా పచ్చ, నారింజ, ఎరుపు, ముదురు ఎరుపు అని రంగులు మార్చి చూపిస్తుంది. యంత్రానికి నాలుగు రంగులు. మాటల కోటలు కట్టే మనకు ఒక్క ముక్క: ట్రాఫిక్ ఉంది.

‘ట్రాఫిక్ ఉంది.’ ఈ వాక్యాన్ని ఒకసారి పైకి అనుకుని చూడండి. ‘వాన పడుతోంది’ అన్నట్టు లేదూ? ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు, మనకేం సంబంధం లేనట్టు, గొడుగు వేసుకుని తగ్గేదాకా ఆగితే చాలన్నట్టు. ‘హెవీ’ అనే మాటతో వచ్చిన చిక్కే ఇది. వానకు కుదిరిన మాట కాబట్టి, ట్రాఫిక్‌ను కూడా వానను చేసి పెట్టింది. వానకు కర్త ఎవరని అడిగితే దేవుడివైపు చూపిస్తాం. ట్రాఫిక్‌కు కర్తలున్నారు. ఇంటి నెంబర్లతో సహా ఉన్నారు.

మన ఇళ్లలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటారు. దీపం ఆరితే ‘కొండెక్కింది’ అంటారు. ఇంట్లో అశుభం పలకకూడదన్న భయం అది, అందులో ఓ మర్యాద ఉంది. పైగా వినేవాళ్లకు అసలు సంగతి తెలుసు. కోడలు ‘నిండుకున్నాయండీ’ అనగానే మావగారు సంచీ భుజాన వేసుకుని బజారుకు బయల్దేరతాడు. మాట మెత్తన, పని మాత్రం ఆగదు. మన నగరాల్లో ట్రాఫిక్ సందేశాలు పంపేవాళ్లు ఈ విద్యను ఇంగ్లిష్‌లో నేర్చుకున్నారు, సగమే నేర్చుకున్నారు. గంటగా చక్రం తిరగకపోతే ‘స్లో మూవ్‌మెంట్ ఆఫ్ వెహికిల్స్’. కదలనిదానికి మూవ్‌మెంట్ అని పేరు! మోకాల్లోతు నీళ్లకు ‘వాటర్ లాగింగ్’. రోడ్డు తవ్వి నెలలు గడిస్తే ‘వర్క్ ఇన్ ప్రోగ్రెస్’. ఎవరు తవ్వారు, ఎప్పుడు పూడుస్తారు, అవి ఉండవు. కింద తెలుగులో మాత్రం ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని ఉంటుంది. ఎవరండీ ఆ చింతించేది? సంతకం లేని చింత. ఇంట్లో కోడలి మెత్తని మాటకు సంచీ కదిలింది, ఈ మెత్తని మాటకు గడ్డపార కూడా కదలదు.

ఎండలో, పొగలో నిలబడి చేతులూపే కానిస్టేబుల్‌ను నేనేమీ అనడం లేదు. ఆయన ‘అరే, మొత్తం బ్లాకయింది సార్’ అని ఉన్నది ఉన్నట్టే చెప్తాడు. ఆ మాట పై అంతస్తుకు ఎక్కేసరికి ఇస్త్రీ అయి ‘స్లో’ అవుతుంది.

ఇంగ్లిష్‌లో మాటలకు కొదవా? ఇంగ్లిష్ పత్రికలు మన దేశంలో తెగ వాడే ‘స్నార్ల్’ అంటే చిక్కుపడ్డ దారం. మా అమ్మ రెండక్షరాల్లో ‘చిక్కు’ అనేది, అంతకన్నా సరైన అనువాదం నేను ఇరవై ఆరేళ్లలో రాయలేదు. ‘బాటిల్‌నెక్’ అంటే నాలుగు వరసల రోడ్డు రెండు వరసలయ్యే చోటు, ఆ చోటు మ్యాపులో వేలు పెట్టి చూపించొచ్చు. ‘బంపర్ టు బంపర్’ను మనవాళ్లు కారు ఇన్సూరెన్సు పేరుగా మార్చుకున్నారు, దాన్ని వాళ్లకే వదిలేద్దాం. బ్రిటన్‌లో ఉండే మనవాళ్లను అడగండి, అక్కడి రేడియోలో ‘టెయిల్‌బ్యాక్’ అంటారు, అంటే వెనక్కి పెరిగిన తోక. ఫలానా జంక్షన్ నుంచి ఫలానా జంక్షన్ దాకా తోక ఉందని కొలిచి చెప్తారు.

ఈ ఒక్క విషయంలో తెలుగు పత్రికలకు నేను దండం పెడతాను. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయి విజయవాడ దారి పట్టినప్పుడు, చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ ప్లాజా ముందు ‘వాహనాలు బారులు తీరాయి’ అని రాస్తాం. అది సరైన మాట. బారు అంటే ఎక్కడో ఒక తలుపు ఉందని, ఆ తలుపు ఇరుకని అర్థం వస్తుంది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక ఈ బారు ఎందుకుండాలి అన్న ప్రశ్న కూడా ఆ మాటలోంచే పుడుతుంది. అదే చోట ‘భారీ ట్రాఫిక్’ అని రాస్తే ప్రశ్న పుట్టదు. ‘పండగ కదా, జనం ఎక్కువ’ అని పాఠకుడు పేజీ తిప్పేస్తాడు.

అన్నిటిలోకి నన్ను నిలబెట్టేసిన మాట ‘గ్రిడ్‌లాక్’. 1980 ఏప్రిల్‌లో న్యూయార్క్ బస్సు, సబ్‌వే సిబ్బంది 11 రోజులు సమ్మె చేశారు. జనం కార్లేసుకుని మన్‌హట్టన్ మీద పడ్డారు. అప్పటిదాకా ట్రాఫిక్ విభాగంలో తమలో తాము అనుకునే ఈ మాట, శామ్ ష్వార్ట్జ్ అనే ఇంజనీరు ద్వారా పేపర్లకెక్కి ఊరంతా పాకింది. ఆయనకు గ్రిడ్‌లాక్ శామ్ అనే పేరే స్థిరపడిపోయింది. అక్కడి వీధులు చదరంగం గళ్లలా ఉంటాయి. ఒక కూడలిలో అవతల చోటు లేదని తెలిసీ దూరిన కారు అడ్డవీధిని ఆపేస్తుంది. ఆ అడ్డవీధి తోక వెనక్కి పెరిగి ఇంకో కూడలిని మూసేస్తుంది. అలా నాలుగు కూడళ్లు ఒకదాని తోక ఒకటి కరుచుకుంటే, మొదట దూరినవాడే కదలడానికి వీల్లేని పరిస్థితి వస్తుంది. బండ్లు ఎన్ని అన్నది ఇక్కడ రెండో విషయం. చోటు లేకుండా కూడలిలోకి దూరిందెవరు అన్నది మొదటి విషయం. ఈ మాటలోనే మందు ఉంది కాబట్టే అక్కడ కూడలికి నడుమ గీతల డబ్బా గీసి, దాన్లో ఆగితే జరిమానా వేస్తారు.

మనకు గళ్ల వీధులు లేవు కదా అంటారేమో. ముడి పడటానికి గళ్లే ఉండక్కర్లేదు. దానికి తెలుగులో ఎప్పుడో పేరు పెట్టేశారు: పీటముడి. పొత్తుల చర్చలకీ సీట్ల పంపకాలకీ వాడి వాడి అరగదీశాం. రోడ్డుకి ఒక్కసారీ వాడలేదు.

పోయిన మాఘంలో, పెళ్లిళ్ల రోజుల్లో, రాత్రి ఎనిమిదిన్నరప్పుడు అలాంటి పీటముడిలో నేనున్నాను. మా ఇంటికి వెళ్లే దారిలో నాలుగు రోడ్ల కూడలి, దాన్నానుకుని ఒక ఫంక్షన్ హాలు. హాలుకు పార్కింగ్ ఉంది, కానీ ఆ రోజు అందులో షామియానా వేసి వంటలు పెట్టారు. కార్లన్నీ రోడ్డు మీద, రెండు వరసల్లో. మిగిలిన సందులో ఒక్క బండి పడుతుంది. ఆ సందులోకే బరాత్ దిగింది: గుర్రం, డీజే బండి, వెనక పొగ కక్కే జనరేటర్. సిగ్నల్ పడకుండానే ఒక ఆటో ముందుకు దూరింది. రాంగ్ రూట్‌లో మూడు బైకులు ఎదురొచ్చి దాని ముక్కుకు ముక్కు ఆనించాయి. మలుపు తిరుగుతున్న ఆర్టీసీ బస్సు సగం తిరిగి అడ్డంగా ఆగిపోయింది. డ్రైవరు కాసేపు చూసి ఇంజన్ ఆపేశాడు, స్టీరింగ్ మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. ఆయన ఇంజన్ ఆపాడంటే ఇక అంతే.

నేను స్కూటర్ స్టాండ్ వేసి లెక్కపెట్టాను. ఆ కూడలిలో నిజంగా ఇరుక్కున్నవి ఒక బస్సు, రెండు ఆటోలు, నాలుగు కార్లు, పది పన్నెండు బైకులు. మామూలు రోజుల్లో పొద్దున పూట ఇంతకు ఎన్నో రెట్ల బండ్లు అదే కూడలిని గొడవ లేకుండా దాటిపోతాయి. హెవీ ఎక్కడుందిక్కడ? నలభై నిమిషాలయ్యాక ఒక కానిస్టేబుల్ వచ్చాడు. బస్సు జోలికి పోలేదు, ఆటో జోలికి పోలేదు. రెండో వరసలో మూలకు పెట్టిన ఒక ఎర్ర కారు నెంబరు మైకులో చెప్పించాడు. దాని తాలూకు మనిషి భోజనం మధ్యలో లేచి, ఎంగిలి చెయ్యి గాల్లో పట్టుకుని, ఎడంచేత్తో తాళం తిప్పి కారు వెనక్కి తీశాడు. మూడు నిమిషాల్లో ముడి విడిపోయింది. ఒక్క కారు.

అంతసేపు అక్కడ నిలబడి, అంతా కళ్లారా చూస్తూ, నేను ఇంటికి పెట్టిన మెసేజ్ ఏంటో తెలుసా? ‘హెవీ ట్రాఫిక్’. మొదటి రెండక్షరాలు కొట్టగానే మిగతాది ఫోనే పూర్తి చేసింది. అబద్ధం అంత అలవాటైపోయింది దానికి కూడా.

ఇక లెక్కలు కట్టే చోట వాడే ఇంగ్లిష్ మాట ఇంకా ముదురు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నగర రోడ్ల కోసం 1990లో ఇచ్చిన మార్గదర్శకాల్లో బండ్లన్నిటినీ ఒకే కొలతలోకి తెస్తారు. ఆ కొలత పేరు ప్యాసింజర్ కార్ యూనిట్. కారు ఒకటి. బస్సు, లారీ, అవి రోడ్డు మీద ఏపాటి వాటా ఉన్నాయన్న దాన్నిబట్టి 2.2 నుంచి 3.7. బైకు అర నుంచి ముప్పావు. చోటు ఎంత తింటుందో కొలవడానికి ఈ లెక్క కావాల్సిందే, కాదనను. కానీ ఆ మాట వినండి: కొలబద్దే కారు! అరవై మందిని మోసే బస్సు మూడు కార్ల పైచిలుకు ‘భారం’. ఆ మూడు కార్లలో ఉండేది మహా అయితే ఐదారుగురు. మనిషి ఈ లెక్కలో ఎక్కడా లేడు. ‘హెవీ’ అన్నప్పుడు మనం తూస్తున్నది ఇనుమును. ఆ తూకంలో బస్సు దోషి అవుతుంది, ఒంటరిగా కారెక్కి పోయేవాడు తేలిగ్గా తప్పించుకుంటాడు. అమెరికాలో కార్లు వచ్చిన కొత్తలో రోడ్డు దాటే మనిషిని ‘జేవాకర్’ అని వెక్కిరించడం మొదలెట్టారు, ‘జే’ అంటే వాళ్ల భాషలో పల్లెటూరి బైతు. నిన్నటిదాకా అందరిదీ అయిన రోడ్డు ఒక్క మాటతో కారుదైపోయింది. అలా దాటినవాళ్లకు వేసే జరిమానాలను కాలిఫోర్నియా 2023లో గానీ సడలించలేదు.

“పేరు మార్చితే రోడ్డు ఖాళీ అవుతుందా?” అని మా స్నేహితుడొకడు ఎకసెక్కం ఆడాడు. అవుతుందనలేదు. పేరును బట్టి మందు మారుతుంది అంటున్నాను. లండన్‌వాళ్లు తమ జబ్బుకు ‘కంజెషన్’ అని పేరు పెట్టారు. కుప్పపడటం అని దాని అర్థం, ముక్కు దిబ్బడకు డాక్టర్లు వాడేదీ అదే. కుప్పపడ్డదాన్ని తగ్గించాలి కాబట్టి 2003 ఫిబ్రవరి 17 నుంచి ఊరి నడిబొడ్డుకు కారులో వస్తే రోజుకు 5 పౌండ్లు కట్టమన్నారు. దాని పేరే కంజెషన్ ఛార్జ్. అంతకుముందే 1975లో సింగపూర్ అలాంటి పని చేసింది. న్యూయార్క్ 2025 జనవరిలో 9 డాలర్లతో మొదలెట్టింది. మంచిదా చెడ్డదా అన్న వాదన వాళ్లకింకా తెగలేదు. కానీ పేరు సరిగ్గా పెట్టారు కాబట్టి వాదించుకోవడానికి వాళ్లకొక విషయం ఉంది. మనం ‘హెవీ’ అన్నాం. బరువు ఎక్కువైందంటే ఏం చేస్తారు? బండి పెద్దది చేస్తారు, అంటే ఫ్లైఓవర్ కడతారు. అది దిగేచోట మళ్లీ హెవీ అంటారు. ఇంకో ఫ్లైఓవర్. రోడ్డు పెంచితే దానికి తగ్గట్టే కార్లూ పెరుగుతాయని డ్యూరాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలు తీసి 2011లో చూపించారు. ఎర్ర కారు రెండో వరసలో ఉన్నంత కాలం దాని నెత్తిన ఎన్ని వంతెనలు కట్టినా కింద ముడి కిందే ఉంటుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఎవరి తప్పూ లేని జామ్‌లు కూడా ఉంటాయి. జపాన్‌లో పరిశోధకులు 230 మీటర్ల చుట్టు బాటలో 22 కార్లను ఒకే వేగంతో తిప్పితే, అడ్డం ఏమీ లేకుండానే కాసేపటికి ఆగడం మొదలైంది, ఆ ఆగుడు అలలా వెనక్కి పాకింది. 2008లో ప్రచురించారు. ఒకడు కాస్త బ్రేకు తొక్కితే వెనకవాడు ఇంకాస్త తొక్కుతాడు, అదీ కారణం. దాన్ని ఇంగ్లిష్‌లో ఫాంటమ్ జామ్, దయ్యపు జామ్ అంటారు. మన ఊళ్లలో అంతటి విలాసం ఎక్కడిది? మన జామ్‌లలో చాలావాటికి అడ్రసు దొరుకుతుంది, వెతికితే.

మా పిల్ల ఆ వ్యాసం మళ్లీ రాసింది. ‘హ్యూజ్’ తీసేసింది, ‘హెవీ’ కూడా తీసేసింది. బస్సు నలభై ఐదు నిమిషాలు కదల్లేదని, తవ్విన రోడ్డు పూడ్చకపోవడంతో రెండు దార్లు ఒకటయ్యాయని రాసింది. ‘హెవీ’ లాంటి విశేషణం ఒక్కటి లేదు. సారు ఏమంటారో తెలీదు మావయ్యా అంది. ఏమన్నా అననీ అన్నాను.

ఈ రాత్రి డెస్కులో కూర్చున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకే ఈ ఉత్తరం. పదకొండింటికి పోలీసుల నుంచి ‘హెవీ ట్రాఫిక్’ అని మెసేజ్ వస్తుంది, స్లో మూవ్‌మెంట్ అని ఉంటుంది. బండ్లు నిజంగా పారుతుంటే రద్దీ అని రాయండి. వరసలో ఆగి ఉంటే బారు అనండి, ఎంత దూరమో వేయండి. ఒకదాన్నొకటి కరుచుకుంటే పీటముడి అని హెడ్డింగ్ పెట్టండి, నా పేరు చెప్పి తిట్టినా సరే. కానీ ఆ ‘భారీగా’ టైపు చేసే ముందు ఫోను తీసి ఆ చోటి పోలీస్ స్టేషన్‌కు ఒక్క కాల్ చేయండి. అడ్డం పడింది ఏంటి, ఎవరిది, ఎప్పట్నుంచి? ఈ మూడూ అడగండి, జవాబు వచ్చేదాకా పెట్టేయకండి.